చెమ్మ పెట్టె పైన మేకు

వహీదా మక్బూల్‌ను మొదటిసారి చూసినప్పుడు అతను స్టూలు మీద నిలబడి, నోట్లో రెండు స్క్రూలు పట్టుకుని, మిల్లు ఆడవాళ్లందరికీ పాఠం చెబుతున్నాడు. నోట్లో స్క్రూలు ఉన్నవాడు మాట్లాడకూడదు. మాట్లాడినా కొంచెం ముందూ వెనకా చూసుకుని మాట్లాడాలి. మక్బూల్ ఆ రెండూ చేయలేదు.

"గాల్లో చెమ్మ ఎంతుందో ఇంక ఈ పెట్టే సూసుకుంటుంది. తక్కువైతే నీళ్లు సల్లే పంపు అదే ఏస్తుంది, ఎక్కువైతే అదే ఆపుతుంది. ఫ్యాన్లు గూడా దాని సేతిలోనే. కిటికీలు తెరిసేదానికి, గోనెపట్టాలు తడిపేదానికి ఇంక మనిషే అక్కర్లే."

చిలపలు చుట్టే రీలింగ్ సెక్షన్ ఆడవాళ్లంతా ఒక్కసారి వహీదా వైపు చూశారు. వహీదా చేతిలో ఉన్న నూలు చిలపను బుట్టలో పెట్టి, పైట సర్దుకుని, స్టూలు దగ్గరికి వచ్చింది.

"ఆ మనిషి ఎవరో తెలుసునా, ఇంజినీర్ సాబ్?"

"ఎవరో పెద్దాయన అంట. నేనింకా సూడలే."

"పేరు ఇమాం సాబ్. మా నాయిన."

మక్బూల్ నోరు తెరిచాడు. ఒక స్క్రూ జారి వహీదా బుట్టలో, చిలపల మధ్యలో పడింది. అతను దిగి వచ్చి వెతుక్కునే లోపల ఆమె దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఎంత అడిగినా ఇవ్వలేదు. నాలుగు స్క్రూలతో నిలవాల్సిన పెట్టె ఆ రోజు మూడింటితోనే స్తంభానికి నిలబడింది.

ఇది ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలం మాట. ఆదోనిలో పత్తి మిల్లులకు కొదవ లేదు. ఈ మిల్లు మాత్రం ఎమ్మిగనూరు రోడ్డులో, ఊరు దాటాక ఉండేది. నూలు వడికే చోట గాలిలో చెమ్మ ఉండాలి. లేకపోతే పోగు పుటుక్కున తెగుతుంది. మరీ ఎక్కువైతే పత్తి రోలర్లకు చుట్టుకుంటుంది. ఆదోని ఎండకు చెమ్మ ఎక్కడ నిలుస్తుంది? అందుకే ఇమాం సాబ్ ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన ఆ షెడ్డులో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ, తాళ్లు లాగి కిటికీలు తెరుస్తూ, మూస్తూ, గోనెపట్టాల మీద నీళ్లు చల్లుతూ, వాల్వులు తిప్పుతూ గాలికి కాపలా కాశాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా, భుజం మీద ఎర్రగళ్ల తువ్వాలు. పెళ్లికి పోయినా, మసీదుకు పోయినా, సంతకు పోయినా ఆ తువ్వాలు భుజం దిగేది కాదు.

ముందటేడు చివర యజమాని బొంబాయి పోయి అక్కడి మిల్లులు చూసి వచ్చాడు. రాగానే కిటికీలన్నీ ఇటుకలతో మూయించాడు. పైకప్పు కింద ఇంకో దొంగకప్పు వేయించి, దాని వెనక రేకు గొట్టాలు పరిపించాడు. ఒక మూల అద్దాల గది కట్టి అందులో ఎర్ర లైట్లు, పచ్చ లైట్లు వెలిగే ప్యానెల్ పెట్టించాడు. ఇక లోపలికి వెళ్తే ఎండో వానో తెలియదు. బిల్డింగు తనను తానే చూసుకుంటుందని అందరూ చెప్పుకున్నారు. ఆ ప్యానెల్‌కు ముక్కూ చెవీ లాంటిదే స్తంభం మీది ఆ చిన్న పెట్టె. దాన్ని బిగించి, నడిపించి అప్పజెప్పడానికి కోయంబత్తూరు కంపెనీ మక్బూల్‌ను పంపింది. ఎమ్మిగనూరు పిల్లవాడే. డిప్లొమా చదివి, కోయంబత్తూరులో పని నేర్చుకుని, మొదటిసారి ఒంటరిగా ఒక పని మీద వచ్చాడు.

మరి ఇమాం సాబ్ సంగతేమిటని ఎవరో అడిగితే, మేనేజరు సోమప్ప "చూస్తాం" అన్నాడు. మేనేజర్లు చూస్తాం అంటే ఏమవుతుందో మిల్లు మనుషులకు ఎవరూ చెప్పక్కరలేదు.

వహీదాకు తల్లి లేదు. పదో తరగతి పాసై మిల్లులో చేరింది. ఇద్దరి కూలీ మీద ఇల్లు నడుస్తోంది. కానీ ఆమెకు బాధ కూలీ గురించి కాదు. మిల్లు లేని రోజు తండ్రి ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. ఆదివారం కూడా ఇంట్లో కిటికీ తెరిచి, మూసి, మళ్లీ తెరుస్తాడు. ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఎన్నాళ్లు నిలుస్తాడు అన్నదే ఆమె దిగులు.

అందుకని ఆమె తన కోపమంతా మక్బూల్ మీద పెట్టింది. కోపమంటే అరుపులు కేకలు కాదు. పక్క మిషను మద్దమ్మ, ఆమె కలిసి పెట్టెకు "పెట్టె సాబ్" అని పేరు పెట్టారు. మక్బూల్ అటుగా వస్తే చాలు, పెట్టె సాబ్‌కు ఆకలిగా ఉందేమో కనుక్కోమని ఒకరు, ఈ సాయంత్రం వాన ఉందేమో అడిగి చెప్పమని ఇంకొకరు. మక్బూల్ అన్నిటికీ నవ్వేవాడు. వాన సంగతి కోయంబత్తూరుకు రాసి తెప్పిస్తానని ఒకసారి చాలా సీరియస్‌గా చెప్పాడు. నవ్వకూడదని వహీదా పెదవి కొరుక్కోవలసి వచ్చింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

అసలు కోపం తెప్పించినవాడు ఇమాం సాబ్. పోటీకి వచ్చినవాడితో ఎవరైనా ఎలా ఉండాలో ఆయనకు తెలిసినట్టే లేదు. మొదటి రోజే "అన్నం తిన్యావా?" అని అడిగాడు. రెండో రోజు నుంచి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి ఇద్దరికీ కట్టమని కూతురికి చెప్పాడు. తిన్నాక, నమాజుకు వస్తావా అని పిలిచేవాడు. మక్బూల్ చేతులు కడుక్కుంటూ, ప్యానెల్ రూంలో పని ఉంది, శుక్రవారం తప్పకుండా వస్తాను చాచా అనేవాడు. అన్నట్టే శుక్రవారాలు ఇద్దరూ కలిసి ఊళ్లోకి జుమ్మా నమాజుకు పోయేవారు.

"మన నోటికాడ కూడు తీసేటోనికి రొట్టెలు కట్టల్లా?" అంది వహీదా ఇంట్లో.

"పిల్లగాడు మంచోడు," అన్నాడు ఇమాం సాబ్. 

పెట్టె సాబ్‌కు మొదటి రోజు నుంచే జబ్బు. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం అన్నాల సైరన్ అయి, జనం మళ్లీ మిషన్ల మీదికి వచ్చాక మొదలవుతుంది. చెమ్మ నిండుగా ఉందని పెట్టె చెబుతుంది. ప్యానెల్ పంపు ఆపేస్తుంది. హాలు చూస్తే కొలిమిలాగా పొడిగా ఉంటుంది. నూలు వడికే రింగ్ ఫ్రేముల మీద పోగులు వరసగా తెగిపోతాయి, అతుకులు వేసేవాళ్లు పరుగులు పెడతారు. మక్బూల్ పెట్టె విప్పి చూస్తాడు. వైర్లు మారుస్తాడు, పంపు మారుస్తాడు, లోపలి పట్టీ మారుస్తాడు. సాయంత్రానికి అదే సర్దుకుంటుంది. మరునాడు మళ్లీ అదే కథ.

విచిత్రం ఏమంటే శుక్రవారం మాత్రం పెట్టె బుద్ధిగా ఉండేది. పెట్టె సాబ్ కూడా జుమ్మా రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడని మద్దమ్మ అంటే, రీలింగ్ అంతా పడి పడి నవ్వింది.

సోమప్ప నవ్వలేదు. ఈ నెలాఖరుకు సరి కాకపోతే పెట్టె విప్పుకుని పొమ్మని మక్బూల్‌కు చెప్పాడు. పెట్టె పోతే ఇటుకలు తీసి కిటికీలు మళ్లీ తెరుస్తారు. తెరిస్తే ఇమాం సాబ్ ఉంటాడు. ఆ మాట విన్న రోజు వహీదాకు ప్రాణం లేచి వచ్చింది.

"నా పెట్టె మీద నీ దిష్టి పడిండాది," అన్నాడు మక్బూల్ ఆమెతో.

"నా దిష్టికి అంత బలముంటే ముందు నిన్నే పంపించేద్దును గదా కోయంబత్తూరుకు."

"పంపించు మల్ల. బస్సు చార్జీ గూడా నువ్వే పెట్టుకో."

అని నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. గడ్డం పెరిగింది, కళ్ల కింద నలుపు వచ్చింది. వహీదా అది చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనుకుంది.

మే నెల మధ్యలో ఒక సాయంత్రం, తొలకరికి ముందే ముంగారు వాన పట్టుకుంది. మిల్లు గేటు ఎదురుగా ఉన్న టీ బంకు చూరు కింద నలుగురైదుగురు నిలబడ్డారు. బస్సులు వచ్చే కొద్దీ ఒక్కొక్కరే ఎక్కిపోయి, చివరికి ఎమ్మిగనూరు బస్సు కోసం మక్బూల్, పంచరైన సైకిలు తీసుకురావడానికి పోయిన తండ్రి కోసం వహీదా మిగిలారు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి నిలబడేంత ఎడం ఉంచుకున్నారు. చూరు కారుతూ ఆ ఎడాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తోంది.

మక్బూల్ వానకేసి చూస్తూ తన తల్లి కుల్సుంబీ గురించి చెప్పాడు. ఎమ్మిగనూరులో ఆమెది గుంట మగ్గం. ఎండాకాలం పోగులు తెగకుండా గుంట చుట్టూ తడి గుడ్డలు పరుస్తుంది. చిన్నప్పుడు ఆ గుంట అంచున కూర్చుని గుడ్డలు తడపడమే తన పని. చెమ్మ అంటే ఏమిటో కోయంబత్తూరులో నేర్చుకోలేదు, అక్కడే నేర్చుకున్నానన్నాడు. ఇప్పుడు ఆమె వాడే నూలు ఈ మిల్లుదే. ఈ మధ్య పోగు వట్టిగా తెగుతాందని, మీ మిల్లు వాళ్లకు ఏం రోగమని కొడుకునే తిడుతోందట.

వహీదాకు నవ్వు వచ్చింది. నవ్వేసింది. తర్వాత అడగాలనుకున్నది అడిగింది.

"పెట్టె బాగైతే మా నాయిన్ని ఏం సేస్తారు?"

మక్బూల్ వానకేసి చూడడం మాని ఆమె వైపు తిరిగాడు.

"నాకు తెలీదు. నేను అడగనే లేదు. వచ్చిన దినమే అడగాల్సుండె."

అతను ఏదో ఒక తీపి మాట చెప్పి ఉంటే వహీదా నమ్మేది కాదు. ఇది నమ్మింది. బస్సు వచ్చి అతను తడుస్తూ ఎక్కిపోయాక కూడా ఆమెకు చూరు కింద అతను నిలబడిన చోటు వైపే చూడాలనిపించింది. కోపం ఎక్కడికి పోయిందో వెతికి చూసుకుంది. లేదు.

కోపం పోయాక బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. శుక్రవారం పెట్టె ఎందుకు బాగుంటుంది? ఇన్నాళ్లు నవ్వుకున్న మాటను ఆమె ఈసారి నిజంగా ఆలోచించింది. శుక్రవారం మధ్యాహ్నం మిల్లులో లేనిది ఇద్దరే. ఒకడు మక్బూల్. అతను తన పెట్టెను తానే చెడగొట్టుకోడు. ఇక రెండో మనిషి. ఆ మనిషి పేరు ఇమాం సాబ్.

మరునాడు అన్నాల వేళ ఆమె బయటికి పోలేదు. రీలింగ్ మిషన్ల చాటున నిలబడింది. హాలు ఖాళీ అయింది. ఇమాం సాబ్ కొళాయి దగ్గర వజూ చేసుకుని వచ్చాడు. చేతులు, మొహం, కాళ్లు తుడుచుకున్నాడు. తువ్వాలు పిండి, దులిపి, చెయ్యెత్తి స్తంభానికి ఉన్న మేకుకు తగిలించాడు. తర్వాత స్తంభం వెనక ఉన్న మూలలో జానిమాజ్ చాప పరుచుకుని పడమటికి తిరిగి నిలబడ్డాడు.

ఇరవై ఏళ్లుగా ఆయన తువ్వాలు ఆరేసే మేకు అది. మక్బూల్ పెట్టె బిగించింది సరిగ్గా దాని కిందే. తడి తువ్వాలు పెట్టె మీద ముసుగులా వేలాడుతోంది. కొసల నుంచి నీటి బొట్లు ఒక్కొక్కటిగా పెట్టె చీలికల్లోంచి లోపలికి దిగుతున్నాయి. అద్దాల గదిలో, స్తంభానికి వీపు పెట్టి కూర్చున్న మక్బూల్ ముందు, పంపు నడుస్తోందని చెప్పే పచ్చ లైటు ఆరిపోవడం వహీదా తన కళ్లతో చూసింది. సైరన్ వేళకు ఇమాం సాబ్ నమాజు ముగించి, తువ్వాలు తీసి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి పోగులు తెగసాగాయి. మక్బూల్ పరుగెత్తుకొచ్చి చూసేసరికి అక్కడ పెట్టె తప్ప ఏమీ లేదు.

నాయిన కావాలనే చేస్తున్నాడా? ఒక్క నిమిషం వహీదా అలా అనుకుంది. అంతలో ఆయన ఫ్రేముల మధ్య వంగి వంగి పోగులు అతికేవాళ్లకు సాయం చేస్తూ, "పాపం పిల్లగాడు, ఈపొద్దు గూడా తిట్లు తింటాడు" అనడం వినిపించింది. ఆ గొంతులో దొంగతనం లేదు. అనుకున్నందుకు ఆమె తన మీద తానే సిగ్గుపడింది.

ఇప్పుడు ఆమె ఏమీ చేయనక్కరలేదు. అదే కష్టమైపోయింది. నోరు మూసుకుని ఉంటే చాలు, నెలాఖరుకు పెట్టె పోతుంది, తండ్రి పని నిలుస్తుంది. మరి ఈలోపల ఎవరైనా ఆ తువ్వాలును చూస్తే? ఇమాం సాబ్ తన పని కాపాడుకోవడానికి మిల్లుకు ద్రోహం చేశాడంటారు. ఇరవై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది.

ఒక రోజు ఆమె ఊరికే ఉండి చూసింది. ఆ మధ్యాహ్నం సోమప్ప హాలు మధ్యలో నిలబడి, అందరూ వింటుండగా మక్బూల్‌ను కడిగేశాడు. చదువు దండగన్నాడు. కంపెనీ పిల్లకాయలను పంపి మిల్లుల నెత్తిన పెడుతోందన్నాడు. మక్బూల్ తల వంచుకుని విన్నాడు. సోమప్ప వెళ్లిపోయాక తలెత్తితే వహీదా ఎదురుగా ఉంది. అతను నవ్వడానికి చూశాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఏడుపొచ్చింది. తండ్రి కోసం ఈ మనిషిని నలిపేయడం తన చేత కాదని ఆ క్షణమే తెలిసిపోయింది. ఎందుకు చేత కాదో కూడా తెలిసింది. అది మాత్రం ఎవరికీ చెప్పదలుచుకోలేదు.

మరునాటి నుంచి, తండ్రి నమాజులో నిలబడగానే, వహీదా చప్పుడు కాకుండా వచ్చి తువ్వాలు తీసి తన మిషను మీద ఆరేసేది. ఆయన ముగించే వేళకు మళ్లీ మేకుకు తగిలించేది. ఆ కాసేపటికి అది ముప్పాతిక ఆరిపోయేది. పోగులు తెగడం ఆగిపోయింది. పెట్టె సాబ్‌కు జబ్బు నయమైందని మద్దమ్మ మిఠాయి పెట్టమని మక్బూల్‌ను పట్టుకుంది.

పెట్టాడు. కానీ అతనికి తృప్తి లేదు. తాను బాగుచేయకుండానే బాగైన మిషను మళ్లీ చెప్పకుండానే చెడుతుందని అతని లెక్క. పైగా శుక్రవారం సంగతి అతని బుర్రలోనూ తిరుగుతోంది.

అందుకే ఒక మధ్యాహ్నం వహీదా తడి తువ్వాలుతో వెనక్కి తిరిగేసరికి ఫ్రేము పక్కన మక్బూల్ నిలబడి ఉన్నాడు. అతను తువ్వాలును చూశాడు, మేకును చూశాడు, పెట్టెను చూశాడు. ఆ తర్వాత ఆమెను చూశాడు. స్తంభం వెనక ఇమాం సాబ్ నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉన్నాడు. ఇద్దరూ గుసగుసల్లోనే మాట్లాడుకోవలసి వచ్చింది.

"ఎన్ని దినాల నుంచి తీస్తాండావు?"

"నిన్ను తిట్టిన మర్సనాటి నుంచి." ఆమె స్తంభం వెనక్కి ఒకసారి చూసింది. "మా నాయిన కావాలని సేయలే. ఆయనకు తెలీనే తెలీదు. నువ్వు నమ్ముతావో నమ్మవో నీ ఇష్టం."

"నమ్మకుండా ఏం? పెట్టె బిగిచ్చిన దినం నా సంచి ఆ మేకుకే తగిలిచ్చింటి. మేకు ఎవురిదో అడగల్లని నాకు తోసలే." అతను ఆమె చేతిలోని తువ్వాలు వైపు చూపించాడు. "నువ్వు ఊరికే ఉండింటే పెట్టె పోయేది గదా వహీదా. మీ నాయిన పని నిలిసేది."

"నిలిసేది."

"మల్ల ఎందుకు తీస్తివి?"

వహీదా తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. మక్బూల్ తెలివైనవాడు కాబట్టి ఇంకోసారి అడగలేదు.

ఆ సాయంత్రమే అతను సోమప్ప దగ్గరికి వెళ్లి, పెట్టె పెట్టిన చోటే తప్పు, అది తన పొరపాటే, పక్క స్తంభానికి మారుస్తానని చెప్పాడు. తువ్వాలు మాట ఎత్తలేదు. సోమప్ప మళ్లీ కడిగాడు. మక్బూల్ మళ్లీ విన్నాడు.

ఆ సంగతి మద్దమ్మ నోట విన్న వహీదా ఇంటికి పోయి తండ్రికి అంతా చెప్పేసింది. ఇమాం సాబ్ రొట్టె చేత్తో పట్టుకుని విన్నాడు. మొదట ఆయనకు నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆగింది.

"నేను కావాలని సేస్తాండానని నువ్వు గూడా అనుకుంటివా?"

అబద్ధం చెప్పవచ్చు. కానీ వహీదా చెప్పలేకపోయింది.

"ఒక్క నిమిషం అనుకుంటి నాయినా."

ఇమాం సాబ్ లేచి కిటికీ తెరిచాడు. మూయకుండా అక్కడే నిలబడ్డాడు.

"నా బిడ్డే అనుకుంటే మిల్లు అనుకోదా," అన్నాడు చివరికి. ఆ మాట వహీదాకు చాలా కాలం గుర్తుండిపోయింది.

మరునాడు సోమప్ప హాల్లోకి రాగానే ఇమాం సాబ్ ఎదురుగా పోయి నిలబడ్డాడు. భుజాన ఉన్న తువ్వాలు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. పోగులు అతికేవాళ్లు, రీలింగ్ ఆడవాళ్లు పని ఆపి చూశారు. వహీదా మిషను పట్టుకుని నిలబడింది. 

"సార్, ఆ పిల్లగాడు సెప్పింది సగమే. టవాలు నాది. దినామూ తడిది ఆ పెట్టె మీదికే ఆరేస్తాంటి. నాకు తెలీక సేస్తి. తెలిసినంక సెప్పకుంటే అది దొంగతనమే. మీరేం సేస్తారో సేయండి."

సోమప్ప తువ్వాలును చూశాడు. మేకును చూశాడు. నెల రోజులుగా తాను కోయంబత్తూరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసి ఎంతమందిని తిట్టాడో గుర్తొచ్చిందేమో, మీసం కింద నవ్వు దాచుకోవడానికి పక్కకు తిరిగాడు.

"సరే, ఈ మేకు పీకిస్తాం. రేపు ఇంకొకడు ఇంకో చోట ఇంకోటి తగిలిస్తాడు. ఎవరు చూడాలయ్యా ఇదంతా?"

మక్బూల్ అదే అదనుగా ముందుకొచ్చాడు. పెట్టెలోకి దూది పోకుండా రోజూ దులపాలి, నీళ్లు చల్లే గొట్టాల మూతులు మూసుకుపోతే తీయాలి, జాలీలు కడగాలి, లైట్లు చూడాలి, దానికి ఒక మనిషి ఉండి తీరాలని గబగబా చెప్పాడు. ఆ పనులన్నీ చాచాకు ఇప్పటికే నేర్పించానన్నాడు. నేర్పించిన మాట అబద్ధం. ఆ సాయంత్రం నుంచి నేర్పించడం మొదలుపెట్టి దాన్ని నిజం చేశాడు.

"ఇమాం సాబ్, ఆ అద్దాల గది తాళం నీ దగ్గరే పెట్టుకో," అన్నాడు సోమప్ప. చూస్తాం అనలేదు. వహీదా ఆ సంగతి బాగా గమనించింది.

"నమాజుకు రమ్మని దినామూ పిలిస్తి," అన్నాడు ఇమాం సాబ్ ఆ మధ్యాహ్నం మక్బూల్‌తో. "ఒక్క దినం వచ్చింటే ఆ పొద్దే దొరికేది టవాలు."

మక్బూల్ తల గోక్కున్నాడు. మరునాటి నుంచి వెళ్లసాగాడు.

పెట్టె పక్క స్తంభం మీదికి మారింది. పోగులు తెగడం లేదు. ప్యానెల్ నిండా పచ్చ లైట్లే. మక్బూల్ పని అయిపోయింది. అయినా అతను మిల్లు వదలడం లేదు. ఇంకో వారం చూడాలన్నాడు, ఆ వారం అయ్యాక ఇంకో వారం అన్నాడు. పెట్టె సాబ్ కులాసాగానే ఉన్నాడు, ఇంజినీర్ సాబ్‌కే ఏదో అంటుకుందని మద్దమ్మ అందరికీ చెప్పింది.

ఒక సాయంత్రం గేటు దగ్గర వహీదా అతన్ని ఆపింది. పైట కొంగు ముడి విప్పి, అరచేతిలో ఒక స్క్రూ పెట్టి చూపించింది.

"ఇదో నీది. పని అయిపాయ గదా, ఇంక కోయంబత్తూరుకు పో."

మక్బూల్ దాన్ని చూశాడు. తీసుకోలేదు.

"ఇన్ని దినాలు కొంగుకు కట్టుకోని తిరిగినావా?"

"పారేసేకి మనసు రాలే. ఇనుప వస్తువు గదా."

"ఈ పక్కన మిల్లులన్నీ నన్నే సూసుకోమని కంపెనీ రాసిండాది. ఆదోని, ఎమ్మిగనూరు, గుంతకల్లు. కోయంబత్తూరుకు పోయే పని లే నాకు." అతను ఈసారి ముందూ వెనకా బాగా చూసుకుని మాట్లాడాడు. "నాకు నువ్వంటే ఇష్టం వహీదా. మా అమ్మను ఈ ఆదివారం మీ ఇంటికి పంపిస్తా. వద్దంటే ఇప్పుడే సెప్పు."

వహీదా స్క్రూను మళ్లీ కొంగున ముడి వేసుకుంది.

"ఆదివారం మా నాయిన ఇంట్లోనే ఉంటాడు," అంది.

కుల్సుంబీ వచ్చింది. వస్తూనే వహీదా చేతులు పట్టుకుని వేళ్లు చూసింది. చిలపలు చుట్టే వేళ్లు, తనకు నచ్చాయంది. మిల్లు నూలు ఇప్పుడు బాగా వస్తోందని కూడా చెప్పింది. ఇమాం సాబ్ టీ ఇప్పించాడు, మర్యాద చేశాడు, మాట మాత్రం ఇవ్వలేదు. ఎమ్మిగనూరు వచ్చి ఇల్లు చూసి చెప్తానన్నాడు.

అది రివాజే. అయినా వహీదాకు భయం వేసింది. కిటికీ దగ్గర ఆ మాట అన్న రోజు నుంచి తండ్రి తనతో మునుపటిలా సరదాగా మాట్లాడలేదు. తాను పోతే ఈ ఇంట్లో ఆయన ఒక్కడే మిగులుతాడు. ఆయన కాదంటే తాను ఎదురు చెప్పదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు.

తర్వాతి ఆదివారం ఇమాం సాబ్ ఉతికిన చొక్కా వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. వహీదా ఆ రోజంతా ఇల్లు ఊడ్చింది, మళ్లీ ఊడ్చింది. కిటికీ తెరిచింది, మూసింది. తాను చేస్తున్నదేమిటో గుర్తొచ్చి నవ్వుకుంది. పొద్దు వాలాక ఇమాం సాబ్ వచ్చాడు. చెప్పులు విడిచి మంచం మీద కూర్చుని, టీ పెట్టమన్నాడు.

టీ ఇస్తూ వహీదా ఆయన భుజం వైపు చూసింది. ఖాళీగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆ భుజాన్ని ఆమె అలా చూడలేదు.

"నాయినా, టవాలు బస్సులో మర్సిపోయినావు."

"మర్సిపోలే." ఇమాం సాబ్ టీ ఒక గుక్క తాగాడు. "ఆడ మద్దేనం జొహర్ నమాజుకు వజూ సేసుకున్న. టవాలు యాడ ఆరేద్దామా అని సూస్తే ఆ పిల్లగాడు గోడకు మేకు కొట్టి పెట్టిండాడు. సరిగ్గా నా సెయ్యెత్తుకు. చాచా ఇది నీ మేకు అన్నాడు. చాచా అని పిలిసింది సాలు, ఇంకమీద మామూ అనమని సెప్పినా."

వహీదా గ్లాసు ఇచ్చిన చెయ్యి చాపినట్టే నిలబడింది.  నోటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"ఆ మేకు కింద పెట్టె గిట్టె ఏమన్నా ఉందేమో సూస్తివా?"

"సూసే తగిలిస్తి," అన్నాడు ఇమాం సాబ్. "ఆడనే ఉండనీలే. వస్తా పోతా ఉంటా గదా, మోసుకోని తిరిగే పని లే."